ఎడమచేతి బుట్ట

ఇలా దగ్గరికి జరగండి, ఆ రేడియో నోరు మూయించండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

బొల్గటంగా ఊళ్లో గడ్డిబుట్టల సంఘం గోదాము. మధ్యాహ్నం రెండు నలభై. డెన్మార్క్ పోయే మూడు వందల బుట్టలకి అవిన్‌పోకా ట్యాగులు కడుతోంది. అది వేషం. అసలు కొలువు రాజధాని అక్రాలో, బోర్డు లేని ఆఫీసులో. అక్కడ ఆమె పేరు గినీకోడి.

పొద్దున కర్నల్ అకోల్గో ఫోన్‌లో నాలుగే ముక్కలు చెప్పాడు.

"సరిహద్దులో మనకి వేగు చెప్పేవాళ్లు నలభై మంది. వాళ్ల పేర్లున్న చిప్‌ని ఎవరో కొట్టేశారు. గోరంత ఉంటుంది. ఇవాళ మూడింటికి మీ బుట్టల లారీలోనే పోతోంది. డ్రైవర్ దగ్గర ఉందని మెరెతే కబురు."

"డెన్మార్క్ కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన మెరెతేనా సార్?"

"ఆవిడే. లోపల మన మనిషి." కర్నల్ గొంతు తగ్గించాడు. "పదిహేడో పేరు మీ అన్నయ్యది."

అప్పటినుంచీ ఆమె ట్యాగులు కడుతూనే చిప్ వెతుకుతోంది. చిప్ దగ్గరకొస్తే వణికే పెన్ను ఒకటిచ్చారు గానీ, హర్మటాన్ ఎడారిగాలి దుమ్ము దూరి అది టీ కెటిల్‌ని చూసినా వణుకుతోంది. డ్రైవర్ చొక్కా, టిఫిన్ గిన్నె, చెప్పులు అన్నీ చూసేసింది. ఏమీ లేదు.

మెరెతే గుమ్మంలో నిలబడి ఉంది. తెల్లబట్టలు, దుమ్ము అంటని జుట్టు, పది అడుగుల దూరానికి కొట్టే సెంటు. ప్రతి బుట్టకీ అల్లిన మనిషి పేరూ ఫోటో ఉండాలని రూలు పెట్టింది ఆవిడే. కొనేవాళ్లకి ఎవరి కష్టమో తెలియాలట.

లారీ ఇంజను మోగింది. అవిన్‌పోకా ఆఖరి కట్ట ఎత్తింది. పైబుట్ట మీద మేనత్త అపోకా ఫోటో నవ్వుతోంది. బుట్ట మీద చెయ్యి పడగానే ఆమె ఆగిపోయింది.

అత్తది ఎడమచేతి వాటం. ఆమె అల్లిక ఎప్పుడూ అందరికీ ఎదురుదిక్కున తిరుగుతుంది. ఆ ఒళ్లో పెరిగిన పిల్ల కళ్లు మూసుకుని కూడా చెప్పగలదు. ఈ అల్లిక అందరిలాగే తిరుగుతోంది. ట్యాగు కట్టింది మాత్రం మెరెతే. "ఆ ఒక్కటీ నేనే కడతాలే" అని పొద్దునే తీసుకుంది.

తల ఎత్తేసరికి సెంటు వాసన ముక్కు దగ్గరే ఉంది. పక్కటెముకలకి చల్లగా ఇనుము తగిలింది.

"నవ్వు," అంది మెరెతే నెమ్మదిగా. "నవ్వుతూ బుట్టని లారీ ఎక్కించు."

అవిన్‌పోకా నవ్వింది. అరిస్తే చస్తుంది. ఊరుకుంటే అన్న చస్తాడు. వాకిట్లో రంగుబాన దగ్గర గడ్డి ముంచుతూ అత్త కనబడింది.

"అత్తా! ఈ బుట్ట నీదేనట, ఓసారి చూసిపో!"

అత్త వచ్చింది. చూసింది. మొహం కందగడ్డయింది.

"ఎవత్తే నా మొహం దీనికి వేలాడదీసింది? ఇదీ ఒక అల్లికేనా? కోడి కెలికినట్టుంది!"

"మామ్మా, లారీకి టైమైపోతోంది," అంది మెరెతే తియ్యగా.

"నీ లారీ తగలడ! నా పేరు పెట్టి ఈ చెత్త దేశాలు దాటిస్తావా?" గడ్డి చీల్చి చీల్చి గట్టిపడ్డ పళ్లతో అత్త ఆ బుట్ట తోలుపిడి కుట్టు పట్టి పర్రున లాగింది.

ఏదో నల్లగా, గోరంత, నేల మీద పడింది.

మెరెతే వంగింది. ఇనుము పక్కటెముక వదిలింది. ఆ ఒక్క క్షణమే చాలింది. అవిన్‌పోకా ఆమె మణికట్టు విరిచి గోడకి అదిమింది. పిస్తోలు గుమ్మం దాటి ఎగిరి, వాకిట్లో బానలో సలసల కాగుతున్న ఎర్రరంగులో మునిగింది. గోదాము గడియారం మూడు కొట్టింది. డ్రైవర్ వచ్చి మెరెతే చేతులు కట్టేశాక, చిప్‌ని గుప్పిట్లో పెట్టుకుని కూలబడి ఏడ్చింది గినీకోడి, పసిపిల్లలా.

"ఏడవకే," అంది అత్త. "ముందు ఆ ఫోటో పీకు. డెన్మార్క్ వాళ్లకి ఉత్తరం కూడా రాయి, ఆ బుట్ట నాది కాదని."

ఆ ఉత్తరానికి జవాబు వచ్చింది. తనిఖీ చాలా బాగా చేస్తున్నారని మెచ్చుకున్నారు.

ఇది గుర్తుంచుకోండి. మీ పిల్లలకి చెప్పేటప్పుడు అత్త తిట్లు ఒక్కటీ తగ్గించొద్దు.