అవ్వ కుండీ మీద ఈగలు

"పో! పో! మళ్ళీ వచ్చినారా?"

ఆదివారం మధ్యాహ్నం మిద్దె మీద నేత్ర పేపరు మడిచి ఈగలను తరుముతోంది. ఒక పక్క తరిమితే ఇంకో పక్క వాలుతున్నాయి. అదీ అవ్వ కుండీ మీదే!

ఆ కుండీలో ఉన్నవి కుందేటి కొమ్ముల మొక్కలు. ఆకులు ఉండవు. వేలంత లావున, నాలుగు పలకలుగా పచ్చటి కాడలు ఉంటాయి. నీళ్ళన్నీ ఆ కాడల్లోనే దాచుకుంటాయి కాబట్టి ఎంత ఎండకైనా బెదరవు. కుండీలోకి వచ్చాక ఎప్పుడూ పూయనివి, ఈ ఏడు వానలు పడగానే పూశాయి. కాడల కొసన ముదురు ఎరుపు పూలగుత్తులు. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. వాసన మాత్రం చచ్చిన ఎలుక వాసన!

నేత్ర ఐదో తరగతి. బాగేపల్లిలో వాళ్ళ బడికి క్లీన్ గ్రూప్ లీడర్. ఈగలు రోగాలు మోస్తాయని హేమావతి మిస్ చెప్పింది. ఆ బ్యాడ్జి పెట్టుకున్నప్పటి నుంచి ఈగ కనిపిస్తే నేత్ర చెయ్యి ఊరుకోదు.

పైగా ఆ కుండీని అవ్వ తనకే అప్పగించి వెళ్ళింది. అవ్వ రామలక్ష్మమ్మ కంటి ఆపరేషన్ కోసం గౌరిబిదనూరులో కూతురింటికి పోయింది. బస్సెక్కే ముందు మనవరాలి గడ్డం పట్టుకుని మరీ చెప్పింది.

"నాగరగెరె పక్కన మా గుట్ట ఉండె గదా, ఆడ బండ సందుల్లో అన్నీ ఇవే. మేకలు మేపుకుంటా ఈ కాడలు ఉప్పు అద్దుకుని తింటాంటిమి. కాయలు పగిలితే లోపల గింజలు తెల్లటి పట్టు మాదిరి ఎగురుతాంటాయి. వాటెనక పరిగెత్తుతాంటిమి. ఇప్పుడా గుట్ట యాడుండాది? కంకర జల్లి కొట్టి రోడ్లకేసినారు. నాకు మిగిలింది ఈ రెండు దుబ్బులే. కొత్త కంటితో ఒక్కసారి ఆ పట్టు ఎగిరేది చూడల్ల. జాగ్రత్తమ్మా."

అంత చెప్పాక నేత్ర ఊరుకుంటుందా? గబగబా కిందికి పోయి అన్నం మీద కప్పే జాలీ మూత తెచ్చింది. మొక్కల మీద బోర్లించి, గాలికి కదలకుండా తాడు కట్టింది. మిద్దంతా ఫినాయిల్ వేసి కడిగింది. ఈగలు చుట్టూ తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి.

"అమ్మా, ఒక్క ఈగ కూడా లేదు!"

"నా బంగారే! ఆ కంపు కూడా పోయేటట్ల చూడు" అంది కింద నుంచి అమ్మ శశికళ.

అవ్వ నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చింది. సంచి కింద పెట్టి నేరుగా మిద్దెక్కింది. నేత్ర గర్వంగా మూత ఎత్తింది. పూసిన పూలన్నీ వాడి రాలిపోయి ఉన్నాయి. అవ్వ వంగి ఒక్కో కాడనూ వేలితో తడిమింది.

"ఒక్క పిందె కూడా లేదే..."

"నేను బాగా చూసుకున్నా అవ్వా. ఒక్క ఈగను కూడా వాలనీలేదు."

అవ్వ ఆ మూత వైపు చూసింది. "మా గుట్ట మీద ఈగలు ముసిరిన పూలే కాయలయితాంటాయి. పోనీలే, నీకేం తెలుసు" అని మెల్లగా మెట్లు దిగిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నేత్రకు.

మర్నాడు బడిలో హేమావతి మిస్‌కు జరిగిందంతా చెప్పింది. మిస్ శ్రద్ధగా విన్నది.

"ఆ కంపు మనకోసం కాదు నేత్రా, ఈగల కోసం. మాంసం అనుకుని వస్తాయి. ఈ పూవు పుప్పొడి ఆ పూవుకు మోస్తాయి. అప్పుడే కాయ పడుతుంది. గుమ్మడి పూవుకు తేనెటీగ ఎట్లనో దీనికి ఈగ అట్ల."

"ఈగలు చెడ్డవని మీరే గదా మిస్ చెప్పింది?"

"అన్నం మీద వాలితే చెడ్డవన్నాను. పూవు మీద వాలితే అనలేదే!"

నేత్రకు నవ్వు రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం బ్యాగు కూడా తీయకుండా మిద్దెక్కింది. వెతగ్గా వెతగ్గా రెండు దుబ్బుల్లోనూ చెరో గుత్తి మొగ్గలు కనిపించాయి. హమ్మయ్య!

మొగ్గలు విచ్చాయి. ఈసారి మూత పెట్టకుండా కాచుకుని కూర్చుంది. కానీ ఈగలు రావే! ఇంకా వదలని ఫినాయిల్ వాసనకు ఒక్కటీ మిద్దె వైపు రాలేదు.

నేత్ర కుండీని పొట్టకు ఆనించుకుని మెట్లు దిగింది. పక్కింటి ధనుంజయ మామ బర్రెల కొట్టం దగ్గర, పేడ దిబ్బ పక్కన పెట్టింది. బ్యాడ్జి తీయడం కూడా మరిచిపోయి చేతులూపుతూ పిలిచింది.

"రండి, రండి! ఈడ పూలుండాయి!"

"అత్తా, చూడు! క్లీన్ గ్రూప్ లీడరు ఈగలను పిలుస్తాండాది!" అంది శశికళ. వచ్చినప్పటి నుంచి ముభావంగా ఉన్న అవ్వ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నేత్ర గుండె తేలికైంది.

ఈగలు వచ్చాయి. పూలు వాడాయి. వాడిన చోట సన్నటి కాయలు జంటగా, నిలువుగా లేచాయి. అచ్చం కుందేలుకు కొమ్ములు మొలిచినట్టు!

శివరాత్రి దాటి ఎండలు ముదిరాక, మళ్ళీ మిద్దె మీదికి చేర్చిన కుండీలో ఒక పొద్దున కాయ పగిలింది. గోధుమరంగు గింజకు తెల్లటి పట్టుకుచ్చు. ఒకటి లేచింది, దాని వెనక ఇంకొకటి. గాలి వాటిని హైవే అవతలి బండల వైపు తీసుకుపోతోంది. అవ్వ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మిద్దె ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తింది.

"మా గుట్ట! మా గుట్టే ఎగురుతాండాది, చూడే నేత్రా!"

నేత్ర కూడా అవ్వ వెనకే పరిగెత్తింది. అవ్వ అంత చిన్నపిల్ల అయిపోవడం తనెప్పుడూ చూడలేదు.

మళ్ళీ వానలొచ్చాయి. ఒక సాయంత్రం అందరూ అన్నం తింటుంటే ఈగ ఒకటి వచ్చి జాలీ మూత మీద వాలింది. నేత్ర పేపరు మడిచింది. ఏమనుకుందో, లేచి మెట్ల తలుపు తెరిచింది. పేపరుతో మెల్లగా విసురుతూ ఈగను అటు పంపింది.

"ఈడ కాదు, పైకి పో. మా అవ్వ పూలు పూసినాయి."