నలభై షూలకు ఒకే మాట

“మీ పేజీ ఫెయిల్,” అన్నాడు టెస్టర్.

కొత్తమ్మాయి గడియారం చూసింది. మూడున్నర. ఆర్నెల్ల ప్రొబేషన్‌కి ఇదే ఆఖరి రోజు. షూ షాపు వెబ్ పేజీ అయిదులోగా పాసైతేనే ఉద్యోగం ఖాయం.

“ఫొటోలన్నీ వస్తున్నాయి కదండీ?”

“మీకొస్తున్నాయి. నాకేం వస్తోందో వినండి.”

ఇయర్‌ఫోన్ ఒకటి తీసిచ్చాడు. అతనికి చూపు లేదు. పేజీని కంప్యూటర్ చదువుతుంటే విని తప్పులు పట్టుకుంటాడు.

“షూ ఫొటో. షూ ఫొటో. షూ ఫొటో...”

పేజీలో ఫొటో పెట్టే కోడ్‌లో, అంటే ఇమేజ్ ట్యాగ్‌లో, ఆల్ట్ అనే అట్రిబ్యూట్ ఉంటుంది. ఫొటో కనబడని వాళ్లకు ఏం వినబడాలో అందులో రాయాలి. ఆమె ఒకచోట రాసి, మిగతా ముప్ఫైతొమ్మిదింటికీ కాపీ కొట్టింది.

“ఖాళీగా అయితే వదల్లేదుగా!”

“వదల్లేదు. ఊరందరికీ ఒకే పేరు పెట్టారు. పిలిస్తే ఎవరు పలకాలి మేడమ్?”

ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. “గంటన్నర చాలు. నేను రాస్తూ చదువుతా, మీరు వినండి.”

“అబ్బో, ధీమా!”

“నల్ల షూ, లేసుల్లేవు.”

“కొనొచ్చు.”

“ఎర్రది, ఎత్తు మడమ.”

“నాకొద్దు.”

“మీకెవరిచ్చారు? గోధుమరంగుది, చాలా అందంగా ఉంది.”

“ఆ మాట షాపువాడు చెప్పుకుంటాడు. మీరు ఉన్నది చెప్పండి.”

అయిదుకు పది నిమిషాలుండగా నలభయ్యోది పూర్తయింది. అతను మొదట్నుంచి విని పాస్ చేశాడు. టీమ్ లీడ్ వచ్చి, ఆమె ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టి వెళ్లాడు.

“మరి నాకైతే ఆల్ట్ ఏం రాస్తారు?” అడిగాడు టెస్టర్.

“ఉన్నదేనా?”

“ఉన్నదే.”

“నీలం చొక్కా. గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నాడు.”

అతను చొక్కా తడుముకున్నాడు. “మూడు మీటింగులకెళ్లొచ్చా! ఒక్కడూ చెప్పలేదే! ఇంకేమైనా ఉందా?”

“ఉంది. మీరంటే నాకిష్టం. ఉద్యోగం మీ చేతిలో ఉండగా చెబితే కాకా పట్టినట్టుంటుందని ఆగాను. ఇప్పుడు ఆగక్కర్లేదు.”

అతను గుండీలు విప్పి, ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

“మళ్లీ తప్పిందండీ,” అందామె.

“తెలుసు. రేపూ తప్పుతుంది. చెప్పడానికి మీరు రావాలిగా!”