వరస దాటిన పెట్టె

"ఈసారి తుపాకీ లేదు. కంప్యూటర్ క్లాసులో చేరాలి," అన్నాడు చీఫ్.

నిద్రమొహం కళ్ళు నులుముకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ పిలిచేది అలాగే. ఏళ్ళ తరబడి గోడలు దూకి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషికి చివరికి బడి రాసిపెట్టి ఉందన్నమాట.

"టీచర్ మన మనిషేనా సార్?"

"మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. కోడ్‌నేమ్ సీతాకోక. విదేశీ ముఠా ఆవిడ క్లాసునే అడ్డాగా వాడుకుంటోంది. వాళ్ళ గుట్టు తెలిసిన సైంటిస్టు శుక్రవారం సభలో నోరు విప్పుతాడు. అక్కడే లేపేయాలని ప్లాన్. ఆవిడ చెప్పింది మాకు చేరవెయ్యి."

రిటైరైన బట్టల వ్యాపారి వేషంలో అతను చివరి బెంచీ మీద కూలబడ్డాడు. అతికించిన మీసం దురద పెడుతోంది. పెన్ కెమెరాలో చార్జింగ్ లేదు. సీతాకోక మహా అందగత్తె, కానీ గుండె ఝల్లుమనడానికీ ఓపిక ఉండాలిగా.

ఆమె బోర్డు మీద ఐదు గళ్ళు గీసింది. "కంప్యూటర్ భాషలో అర్రే అంటే ఇదే. పక్కపక్కన పేర్చిన గళ్ళు, అన్నిటికీ కలిపి ఒకటే పేరు. నంబర్లు సున్నా నుంచి నాలుగు దాకా."

"మొదటిది ఒకటి కదమ్మా?"

"మొదటి గడి నుంచి ఎంత జరగాలో చెప్పేదే నంబరు, బాబాయిగారూ. మొదటిదానికి జరగక్కర్లేదుగా. అందుకే సున్నా."

జరగక్కర్లేదన్న మాట అతని మోకాళ్ళకు బాగా నచ్చింది.

"మరి నంబర్ ఐదు అడిగితే?"

"అలాంటి గడే లేదు. కొన్ని భాషల్లో మెషిన్ ఆ ముక్క చెప్పదు. వరస పక్కన ఏముంటే అది తెరుస్తుంది, ఎవరిదైనా సరే."

శుక్రవారం వచ్చింది. వేదిక వెనక గదిలో ఐదు లాకర్లున్నాయి, వాటిలో ఒకదాంట్లో బాంబు పెడతారని సీతాకోక ముందే కబురు పంపింది. ఐదూ గాలించారు. ఏమీ దొరకలేదు. పల్చటి చెక్కగోడకు అవతల సైంటిస్టు మైకు ముందు నిలబడ్డాడు.

నిద్రమొహం ఫోను మోగింది.

"బాబాయిగారూ, హోంవర్క్ దిద్దాను." సీతాకోక గొంతు. పక్కనే ఎవరో మగమనిషి దగ్గాడు. "అర్రేలో నంబర్ ఐదు అడిగారు. చూసుకోండి."

లైను తెగింది. చీఫ్ ఐదో లాకరు మీదికి ఉరికాడు.

"ఖాళీ! మనల్ని ఆడించింది. ఆవిడ దగ్గరికెళ్ళిన టీముకి చెప్పు, కనిపిస్తే కాల్చెయ్యమని."

నిద్రమొహం లాకర్లను సున్నా నుంచి లెక్కపెట్టాడు. ముఠావాడి పక్కన కూర్చుని ప్రాణం పణంగా పెట్టి మాట్లాడిన పిల్ల, ఇప్పుడు మనవాళ్ళ చేతిలోనే పోయేలా ఉంది. ఐదో లాకరంటే నంబర్ నాలుగు. నంబర్ ఐదంటే లాకరే కాదు, వరస దాటి పక్కన ఉన్నది. అక్కడ డిపార్ట్‌మెంట్ ముద్ర వేసిన పనిముట్ల పెట్టె ఉంది. మనవాళ్ళెవరో తెచ్చుకున్నారని ప్రతివాడూ అనుకున్నాడు, కాబట్టి ఒక్కడూ తెరవలేదు.

అతను తెరిచాడు. టైమర్ మీద మూడు సెకన్లు. వైరు కత్తిరించేసరికి ఒకటి.

"ముందు కాల్చొద్దని చెప్పండి," అంటూ నేలమీదే కూలబడ్డాడు.

చీఫ్ వైర్‌లెస్‌లో అరిచాడు. కాసేపు గరగర. తర్వాత జవాబు: "దగ్గినవాడు దొరికాడు. ఆవిడ క్షేమం."

చీఫ్ చెమట తుడుచుకున్నాడు. "అసలీ పెట్టె లోపలికెలా వచ్చింది?"

"పెట్టెకి అంటించిన గేటు పాస్ మీద సంతకం మీదే సార్, చూడకుండా పెట్టినట్టున్నారు," అన్నాడు నిద్రమొహం, మీసం పీకేస్తూ. "రిపోర్టు మీరు రాసుకోండి. నేను కాసేపు పడుకుంటా."