వదిన అడిగితే ఇచ్చిన కాగితాలు

పొద్దున ఎనిమిదింటికి లవీనియా చేమదుంపలు చెక్కుతుండగా కూతురి గది తలుపు దడాలున తెరుచుకుంది. సిడ్నీలో ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీలో సియాలే ఇంజనీరు. వాళ్ల టోంగా బంధువుల్లో అలాంటి ఉద్యోగం ఇంకెవరికీ లేదు. అది ఏ రోజు పోతుందోనని లవీనియాకు ఎప్పుడూ గుండెదడే.

“అమ్మా, నా బల్ల మీది కాగితాలు ఎవరు చూశారు?”

“ఏ కాగితాలే?”

“మా కంపెనీ ఇంటర్వ్యూల్లో అడగడానికి నేను తయారుచేసిన ప్రశ్న, జవాబు. నిన్న ఇంటర్వ్యూకొచ్చిన లుపే అత్త కొడుకు సెమిసిని మావాళ్లు అదే అడిగారు. పడవలో చివరి సీటు ఇద్దరు ఒకేసారి బుక్ చేస్తే ఎవరికివ్వాలని. వాడి జవాబు చూడమని ఇప్పుడే నాకు పంపారు. అక్షరం పొల్లుపోలేదు. నేను చేసిన తప్పు కూడా దింపేశాడు!”

లవీనియా చేతిలో కత్తి ఆగిపోయింది. “లుపే వదిన అడిగింది. గది ఊడుస్తూ ఫోటో తీసిచ్చాను.”

“అడిగితే ఇచ్చేస్తావా?”

“మీ నాన్నకు అక్క! మన టోంగావాళ్లలో ఆవిడ మాటే పైమాట. పెళ్లయినా చావైనా మొదటి చాప ఆవిడకే పరుస్తాం. కొడుకు కోసం నోరు తెరిచి అడిగితే ఎలా కాదంటానే?”

అంతలో లుపే రానే వచ్చింది. మేనత్త వస్తే సియాలే మర్యాదగా వెంటనే కింద కూర్చునేది. ఇవాళ కూర్చోలేదు.

“ఏమే, వీధి చివరిదాకా నీ గొంతే. కంప్యూటరు ముందు కూర్చునేసరికి మేనత్త కంటికి ఆనడం లేదా?”

“పదింటికి మా మేనేజరుతో మాట్లాడుతున్నాను అత్తా. జరిగింది చెప్పేస్తాను.”

“సొంతవాడి నోటికాడ కూడు లాగేస్తావా? కాగితాలు దొంగలెత్తుకెళ్లారని చెప్పు.”

“దొంగ ఇక్కడే దుంపలు చెక్కుతోంది!”

లవీనియా కూతురి చెయ్యి పట్టుకుంది. “పోలీసులొస్తారా? ఇల్లు పోతుందా?”

“పోలీసులు రారు. నా ఉద్యోగం పోతుందేమో.” అంది సియాలే. “ఒక్కమాట నన్ను అడిగుంటే రోజూ సాయంత్రం కూర్చోబెట్టి వాడికి నేర్పేదాన్ని. అది తప్పు కాదు. వాడికి తెలివుంది. లేదనుకున్నది మీరిద్దరే!”

లుపే మొహం పాలిపోయింది. లవీనియాకు ఆ మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. కూతురు కాదంటుందేమోనన్న భయంతో అసలు అడగనేలేదు తను.

పదయింది. సియాలే తెర ముందు కూర్చుని మేనేజరుకు జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. లవీనియా కత్తి పక్కన పెట్టి లేచింది.

“లవీనియా, వెళ్లకు!” అంది లుపే.

పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి వదిన మాటకు ఆమె వెనక్కి తిరగలేదు. గదిలోకెళ్లి కూతురి పక్కన కూర్చుని, తెరమీది మనిషితో తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పింది: “కాగితాల ఫోటో తీసింది నేను. నా కూతురికి తెలియదు.”

ఆయన ఏదో రాసుకున్నాడు. విచారణ ఉంటుందనీ, అంతవరకు సియాలే ఇంటర్వ్యూలు చేయకూడదనీ చెప్పి తెర ఆపేశాడు.

“ఇంకా కోపంగానే ఉందమ్మా నీమీద.”

“ఉండనీ తల్లీ. తిట్టు. ఎంతసేపైనా తిట్టు.” లవీనియా ఏడుపు ఆపుకోలేకపోయింది.

గుమ్మంలో నిలబడ్డ లుపే గదిలోకి ఒక అడుగు వేసింది. ఎన్నడూ లేనిది, ఆజ్ఞాపించకుండా అడిగింది.

“సెమిసిని మళ్లీ ఇంటర్వ్యూకి ఎప్పుడు రానిస్తారు?”

“కాపీ కొట్టినవాళ్లని ఏడాదిదాకా రానివ్వరు.”

“అయితే... ఏడాదీ నేర్పుతావా?”

సియాలే కళ్లు తుడుచుకుంది. మొహంలో కోపం ఇంకా అలాగే ఉంది.

“నేర్పుతాను. నా ఉద్యోగం ఉన్నా, పోయినా.”