మూడు ముక్కల వసపిట్ట

డాక్టరు గదిలో అమ్మ ఆపకుండా చెబుతోంది. ఆమె ఒళ్ళో బుడ్డోడు ఖళ్ళుఖళ్ళున దగ్గుతున్నాడు.

“పార్కులో ఎంతసేపు గెంతినా దగ్గడు. ఇంటికొచ్చి మంచం మీద వాలాడో లేదో, మొదలు! మంచం పక్క గోడంతా చెమ్మ. నల్లగా మచ్చలొచ్చాయి. ఎంత తుడిచినా పోవు. దానివల్లేనేమోనని నా అనుమానం. అదీ చెప్పవే.”

అమ్మకు ఈ దేశం భాష రాదు. డాక్టరుకు తెలుగు రాదు. ఇద్దరి మధ్యా పదేళ్ళ వసపిట్ట. ఇంట్లో నోరు మూయదని నాన్న పెట్టిన పేరది.

డాక్టరు గడియారం చూశాడు. బయట ఇంకా పదిమంది కూర్చున్నారు. గోడ సంగతి చెబితే నవ్వుతాడేమో అనుకుంది వసపిట్ట.

“తమ్ముడికి దగ్గు తగ్గలేదు,” అంది ఆ భాషలో. అంతే.

“నేనంత చెబితే మూడు ముక్కల్లో తేల్చేశావేమే?”

“వాళ్ళ భాషే పొట్టిదమ్మా!”

డాక్టరు ఇంకో సిరప్ రాశాడు. ఇది మూడో సీసా.

తిరిగొస్తుంటే వసపిట్ట బస్సు కిటికీలోంచి తల బయట పెట్టింది.

“లోపల పెట్టవే! వీపు విమానం మోత మోగిపోతుంది!” అని అరిచింది అమ్మ.

వెనక సీట్లో ఒకావిడ కిసుక్కున నవ్వింది. “మా ఇంట్లోనూ రోజూ ఇదే వరసండీ!”

తెలుగు మాట వినేసరికి అమ్మకు ప్రాణం లేచొచ్చింది. దిగేలోపు బుడ్డోడి దగ్గు సంగతంతా ఏకరువు పెట్టేసింది. ఆవిడ ఓ కాగితం మీద అడ్రసు రాసిచ్చింది.

“పిల్లల డాక్టరమ్మ. చక్కగా తెలుగు మాట్లాడుతుంది. కాస్త దూరమే, అయినా వెళ్ళండి.”

మర్నాడు రెండు బస్సులు మారి వెళ్ళారు. డాక్టరమ్మ బుడ్డోడి గుండెల మీద స్టెతస్కోపు పెట్టి వింది. గొంతు చూసింది. తర్వాత కుర్చీ అమ్మవైపు జరుపుకుంది.

“ఇప్పుడు మీరు చెప్పండమ్మా.”

అమ్మ చెప్పింది. పార్కు, మంచం, చెమ్మ, నల్లమచ్చలు, అన్నీ. డాక్టరమ్మ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

“ఆ నల్లమచ్చలు చెమ్మకు పట్టిన బూజు. అది వీడికి పడటం లేదు. ముందు మంచం వేరే గదిలోకి మార్చండి. గోడ బాగుచేయించండి. ఈ సంగతి అక్కడి డాక్టరుకు చెప్పలేదా?”

“వెళ్ళిన ప్రతిసారీ చెప్పానండీ. మా పాప వాళ్ళ భాషలో చెప్పింది కూడాను. నా చదువు ఐదుతోనే ఆగిపోయింది. దీని పుణ్యమా అని ఇక్కడ నెట్టుకొస్తున్నాను.”

అమ్మ వసపిట్ట తల నిమిరింది. ఆ చెయ్యి తగలగానే వసపిట్టకు ఏడుపొచ్చింది. మందు తాగనని బుడ్డోడు ఎంత గింజుకునేవాడో గుర్తొచ్చింది.

“నేను చెప్పలేదమ్మా. గోడ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.”

అమ్మ చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

“పొట్టి భాష అని నన్ను బురిడీ కొట్టించావన్నమాట,” అంది మెల్లగా.

గోడ బాగుచేయించమని డాక్టరమ్మ వాళ్ళుండే బిల్డింగ్ మేనేజరుకు ఉత్తరం రాసిచ్చింది. అమ్మ రెండు చేతులూ జోడించింది. “మీ మేలు మరిచిపోలేనమ్మా. వీడి దగ్గు తగ్గకముందే నా గుండెల మీద బరువు దిగింది.”

సాయంత్రం మేనేజరు ఆఫీసుకు వెళ్ళారు. ఆయన ఉత్తరం చదివి, “చూస్తాంలే,” అన్నాడు.

అమ్మ మొదలుపెట్టింది. ఆమె ఒక మాట చెప్పగానే వసపిట్ట ఆ మాట ఆయన భాషలో చెప్పింది. చెమ్మ ఎక్కడ మొదలైందో, ఎంత ఎత్తుకు పాకిందో, ఏదీ వదల్లేదు.

“అర్థమైంది, అర్థమైంది,” అంటూ మేనేజరు తాళాలు తీసుకుని లేచాడు. వెనక ఇద్దరు నిలబడి చూస్తున్నారు. వసపిట్ట చెవులు వేడెక్కాయి. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

“ఆగండి. మా అమ్మ ఇంకా చెబుతోంది.”

మేనేజరు మళ్ళీ కూర్చున్నాడు. పెన్ను తీశాడు.

వసపిట్ట అమ్మవైపు తిరిగింది.

“ఊఁ, చెప్పమ్మా. తర్వాత?”