కారణం అడగని సెలవు

రైల్వే వర్క్‌షాపు మొదటి కూత కూసేసరికి ఖరిదా పేటలోని ఆ ఇంటి పెరట్లో మినప పిండి దంచడం సగం అయిపోయి ఉండేది. నాగేశ్వరమ్మ స్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, ఇంగువ నీళ్ళు తనే పిండిలో కలిపేది. ఆ కొలత ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కృపమ్మ, దాలమ్మ, అప్పలకొండ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వరండాలో పీటలు వేసుకుని అప్పడాలు వత్తేవాళ్ళు. మధ్యాహ్నానికి డాబా నిండా చాపల మీద అప్పడాలు ఎండుతుండేవి. సాయంత్రం ఈశ్వరరావు వాటిని కట్టలు కట్టించి గోల్‌బజార్లో తన కొట్టుకు పట్టుకుపోయేవాడు.

బందరు నుంచి వచ్చి ఆ పరాయి రాష్ట్రపు రైల్వే ఊళ్ళో కొట్టు పెట్టిన కొత్తలో, రైల్వేలో పనిచేసే తెలుగువాళ్ళకి మంచి అప్పడం దొరకడం లేదని కనిపెట్టింది నాగేశ్వరమ్మే. మొదట తనొక్కతే వత్తింది. తరవాత ఇద్దరు వచ్చారు, ఆ తరవాత ఆరుగురయ్యారు. కొట్టు ఆయనది, పెరడు ఆమెది. ఎవరిని పనిలో పెట్టుకోవాలో, ఎవరికి సెలవు ఇవ్వాలో, ఎవరి తగాదా ఎలా తీర్చాలో అంతా ఆమే చూసుకునేది. వంటింటి గుమ్మంలో నిలబడితే ఆరిళ్ళ సంగతులూ ఆమె చెవిన పడేవి. ఎవరి పిల్లకి జ్వరం, ఎవరి అత్తకి నోరెక్కువ, అన్నీ ఆమెకు తెలుసు.

ఒక సోమవారం పొద్దున్నే ఈశ్వరరావు, చేతిలో గొడుగున్న ఒక పెద్దమనిషిని పెరట్లోకి వెంటబెట్టుకొచ్చాడు.

"ఈయన గోవిందరావుగారు. వర్క్‌షాపు ఆఫీసులో మనుషుల హాజరూ సెలవులూ చూసి రిటైరయ్యారు. ఇప్పుడు బజార్లో చిన్న చిన్న కొట్లవాళ్ళకి అదే పని చేసిపెడుతున్నారు. బట్టల కొట్టు చెన్నకేశవరావు మనుషులని చూసేది కూడా ఈయనే. మనవాళ్ళ సంగతి కూడా ఇకనుంచి ఈయన చూస్తారు."

"మనవాళ్ళ సంగతి అంటే?" అంది నాగేశ్వరమ్మ.

"ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, సెలవులు, తగాదాలు, అన్నీ. నీకా తలనొప్పి ఇక ఉండదు."

"నాకు తలనొప్పి ఉందని మీకెవరు చెప్పారు?"

ఈశ్వరరావు గోవిందరావుకు వరండా చూపించడం మొదలుపెట్టాడు. కొత్త మనిషి ముందు గొంతు పెంచడం ఇష్టంలేక నాగేశ్వరమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఆ రోజునుంచి గోవిందరావు ప్రతి పొద్దునా ముందు ఈ ఇంటికి వచ్చి, ఇక్కడి పని చక్కబెట్టుకుని తక్కిన కొట్లకు పోయేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, మాట మర్యాదగానే ఉండేది. కానీ రెండో కూత తరవాత వచ్చినవాళ్ళకి ఆ పూట పని లేదన్నాడు. సెలవు కావాలంటే ముందు రోజు తనతో చెబితే చాలన్నాడు. వంటింటి గుమ్మం దగ్గరికి రావడం ఒక్కొక్కరుగా మానేశారు. నాగేశ్వరమ్మ కూరలు తరుగుతూ అటే చూసేది. వరండాలో నవ్వులు వినిపించేవి. తను వెళితే ఆగిపోయేవి, లేక ఆగిపోయినట్టు ఆమెకు అనిపించేది.

కృపమ్మ రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చాక నాగేశ్వరమ్మ ఉండబట్టలేక అడిగింది.

"మనవరాలు పుట్టిందమ్మా," అంది కృపమ్మ, పిండి ఉండలు చేస్తూనే.

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"సెలవని ఆ కొత్త బాబుకి సెప్పినాను కదమ్మా."

ఆ మాట ఆమెకు రోజంతా ముల్లులా గుచ్చుకుంది. రాత్రి భోజనాల దగ్గర మొగుడి మీద విరుచుకుపడింది. "కృపమ్మ కోడలికి నెల తప్పిందని చూడగానే కనిపెట్టింది నేను. పురిటికి పాత చీరలు తీసిపెట్టింది నేను. పిల్ల పుట్టిందని మాత్రం ఆ గొడుగాయనకి చెబుతారా?"

"కొన్నాళ్ళు చూడు నాగేశ్వరీ," అన్నాడు ఈశ్వరరావు, కంచంలోంచి తల ఎత్తకుండా.

"ఏం చూడాలి? అసలు నన్ను ఒక్క మాట అడిగారా మీరు?"

"అడిగితే వద్దంటావు."

"అంటాను. అయినా అడగాలి."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆయన ఏదో దాస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ అది పెళ్ళాం మీద నమ్మకం లేకపోవడమే అనుకుంది. అలా అనుకున్నకొద్దీ ఆమెకు ఒళ్ళు మండిపోయేది. కూరగాయలవాడి మీద కసిరింది, పాలవాడితో తగువు పెట్టుకుంది. ఎండబెట్టిన అప్పడాల మీద కాకి వాలితే దాన్ని కూడా తిట్టింది.

గొడవ ఒక వానపొద్దున బద్దలైంది. అప్పలకొండ రెండో కూత తరవాత, తడిసి ముద్దయి వచ్చింది.

"గేటు పడిపోయింది బాబూ. గూడ్సు బండి ఎంతకీ కదల్లేదు," అంది రొప్పుతూ.

"గేటు రోజూ పడుద్ది అప్పలకొండా. ముందు బయల్దేరాల," అన్నాడు గోవిందరావు. "మజ్జాన్నం రా."

వంటింట్లోంచి నాగేశ్వరమ్మ గబగబా వచ్చింది. "అప్పలకొండా, తల తుడుచుకుని కూచో. పీట తీసుకో."

"అమ్మా, నేను పొమ్మన్నాను," అన్నాడు గోవిందరావు.

"నేను కూచోమన్నాను."

అప్పలకొండ ఇద్దరి మధ్యా చీర కొంగు పిండుకుంటూ నిలబడిపోయింది. గోవిందరావు గొంతు తగ్గించి అన్నాడు: "ఇద్దరం రెండు మాటలు సెప్తే ఆళ్ళు ఎవరి మాట ఇనాలమ్మా?"

"ఈ పెరట్లో నా మాటే వింటారు. మీరు రైల్వేలో చేసిన పెత్తనం చాలు. ఇది వర్క్‌షాపు కాదు, నా ఇల్లు. రేపటినుంచి మీరు రానక్కర్లేదు."

గోవిందరావు మొహం నల్లబడింది. "ఈశ్వరరావుగారు పిలిస్తే వచ్చినాను. ఆయనకో మాట సెప్పి ఎళ్తాను," అని గొడుగు విప్పుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

నాగేశ్వరమ్మకు చాలా రోజుల తరవాత ఊపిరి ఆడినట్టయింది. అందరికీ అల్లం టీ పెట్టి తనే గ్లాసులు అందించింది. ఆడవాళ్ళు తల వంచుకుని తాగారు. అప్పలకొండ కూడా తల వంచుకునే తాగింది.

కాసేపటికి దాలమ్మ పిండి చేతులు దులుపుకుని, మునుపటిలాగే వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, రేపు నాను రాలేను. బాబుకి నిన్ననే సెప్పినాను. మరిప్పుడు ఆయన లేడు కదా."

"ఎందుకు రాలేవు?"

దాలమ్మ ఒకసారి వెనక్కి తిరిగి వరండాలోని వాళ్ళని చూసింది. "ఇంటికాడ... బాగోలేదమ్మా."

"మీ ఆయన మళ్ళీ తాగొచ్చాడా? కొట్టాడా?" నాగేశ్వరమ్మ గొంతు వరండా ఆ చివరిదాకా వినిపించింది.

దాలమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "అవునమ్మా," అని ఏడవడం మొదలుపెట్టింది.

నాగేశ్వరమ్మ మనసు కరిగిపోయింది. నిజం చెప్పాలంటే ఆ జాలిలో కాస్త తృప్తి కూడా ఉంది. మళ్ళీ ఒకరు తన గుమ్మం దగ్గరికి వచ్చారు. "ఏడవకే. రేపు ఇంట్లోనే ఉండు. కాసిని బియ్యం కట్టిస్తాను, పట్టుకెళ్ళు," అంది.

వరండాలో కృపమ్మ అప్పడాల కర్ర పక్కన పెట్టేసింది.

"ఆపే దాలీ, ఇక సాలు. నీ మొగుడు డ్యూటీకి టాటానగర్ ఎళ్ళి నాలుగు రోజులైంది కదే."

దాలమ్మ ఏడుపు ఆగిపోయింది. నాగేశ్వరమ్మ ఆమెను తేరిపార చూసింది. "అబద్ధమా?"

"రేపు మా సెల్లికి పెళ్ళిసూపులమ్మా," అంది దాలమ్మ నేలచూపులు చూస్తూ. "నిజం సెప్తే ఇస్తావా? పోయినసారి ఒదిన సీమంతానికి అడిగితే, పేరంటాలకి సెలవులేటి అన్నావు. అదే మా ఆయన కొట్టినాడంటే ఎంటనే పంపినావు."

కృపమ్మ లేచి వచ్చి గుమ్మం ముందు కూచుంది. ఆ ఇంట్లో అందరికన్నా ముందు పనిలో చేరిన మనిషి ఆమె.

"అమ్మా, నీ మీద కోపంతో సెప్పట్లేదు. నీ సెయ్యి మంచిది. మా పిల్లలకి జొరమొస్తే మందులు తెచ్చి పోసినావు, కాదనను. గానీ సెలవు కావాలంటే నీ గుమ్మం కాడ మా ఇంటి గుట్టు ఇప్పాల. ఏడిసినోళ్ళకి ఇస్తావు, ఏడవనోళ్ళకి ఇవ్వవు. ఆ బాబు గడియారం సూసుకుని బతికే మనిషి. ఆయన మీద మాకూ మంటే. గానీ సెలవంటే ఎందుకని అడగడు. మనవరాలు పుట్టిన నాడు నాకు ఎవరికీ ఏటీ సెప్పబుద్ది కాలేదమ్మా. ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూకున్నాను."

"నేను మీ మంచికే కదే అడిగాను?" అంది నాగేశ్వరమ్మ.

"మంచికే. అప్పలనర్సమ్మ ఎందుకు మానేసినాదో తెలుసా నీకు?"

నాగేశ్వరమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పలనర్సమ్మ చేయి తిరిగిన పనిమంతురాలు, నిరుడు పండగలకు ముందు చెప్పాపెట్టకుండా మానేసింది. పొగరెక్కి పోయిందనుకుంది నాగేశ్వరమ్మ.

"అయిదో నెలమ్మా. కడుపు పోయింది. నలుగురిలో ఏటని సెప్తాది? ఊరికే నాలుగు రోజులు కావాలన్నాది. కారణం సెప్పని సెలవు ఇవ్వనన్నావు. అది రాకుండా పడుకుంది. లేసి వచ్చిన నాడు మా అందరి ముందర, ఇంట్లో సోగ్గా కూచున్నావా అన్నావు."

ఆ మాట తను అనడం నాగేశ్వరమ్మకు బాగా గుర్తుంది. అప్పుడు అప్పలనర్సమ్మ పీట వాల్చుకుని, మాట్లాడకుండా సాయంత్రందాకా అప్పడాలు వత్తడం కూడా గుర్తొచ్చింది. నాగేశ్వరమ్మ గుమ్మానికి చేరబడి అలాగే కిందికి జారి కూచుండిపోయింది.

మధ్యాహ్నం ఈశ్వరరావు కోపంగా వచ్చాడు. "పెద్దమనిషిని వానలో పంపేస్తావా? బజార్లో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆమె లేవలేదు. "అప్పలనర్సమ్మ సంగతి మీకు తెలుసా?" అని అడిగింది.

కాళ్ళు కడుక్కోబోతున్నవాడు చెంబు పట్టుకునే ఆగిపోయాడు.

"తెలుసు," అన్నాడు. "గోల్‌బజార్లో కనిపిస్తే ఎందుకు మానేశావని నేనే అడిగాను. అమ్మ మంచిదే బాబూ, గానీ మళ్ళీ ఆ గుమ్మం కాడ నిలబడలేనంది. మిగతాది వాళ్ళాయన చెప్పాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? వాళ్ళకోసం నువ్వు ఎంత చేస్తావో నాకు తెలుసు. చెబితే నువ్వు తట్టుకోలేవనుకున్నాను."

"అందుకని బయటి మనిషిని తెచ్చారు. పెళ్ళాంతో నాలుగు మాటలు చెప్పలేక, ఆ మాటలకి ఒక మనిషిని పెట్టుకున్నారు. వాళ్ళ కష్టం నాకు చెప్పడానికి వాళ్ళకి భయం. నా తప్పు నాకు చెప్పడానికి మీకు భయం. ఇంతమందిని భయపెడుతున్నానని నాకు మాత్రం తెలీదు."

ఈశ్వరరావు చెంబు కింద పెట్టి ఆమె పక్కన గడప మీద కూచున్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన అలా వంటింటి గడప మీద కూచోవడం అదే మొదలు. "తప్పు నాదే. నిన్ను అడగాల్సింది. చెప్పాల్సింది కూడా," అన్నాడు.

వాన తగ్గాక ఇద్దరూ రిక్షాలో సుభాష్‌పల్లిలో గోవిందరావు ఇంటికి వెళ్ళారు. నాగేశ్వరమ్మ తనే మాట్లాడింది. పొద్దున నోరు జారానంది, మళ్ళీ రమ్మంది. "సెలవుల సంగతి మీరే చూడండి. నేను కలగజేసుకోను. కానీ గేటు పడితే అప్పలకొండ పట్టాలు దూకి ఎలా వస్తుందండీ? ఆ రూలు మాత్రం మార్చాలి."

గోవిందరావు కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "మా ఆఫీసులో ముప్పై ఏళ్ళూ గేటు కాడ ఆగిపోయినోళ్ళ నోట ఇదే తిట్టు తిన్నానమ్మా," అన్నాడు. "గేటుకి మాఫీ ఇద్దాం. ఠీక్ హై?"

తిరిగి వచ్చేటప్పుడు ఆమె రిక్షాను రైల్వే క్వార్టర్ల వైపు పోనిమ్మంది. ఈశ్వరరావు ఎందుకని అడగలేదు. వీధి మలుపులో దిగి, ఆమె ఒక్కతే వెళ్ళి తలుపు తట్టింది.

అప్పలనర్సమ్మ తలుపు తీసి, మొహం బిగించుకుని, కాసేపటికి పక్కకు తప్పుకుంది. నాగేశ్వరమ్మ లోపలికి వెళ్ళి చాప మీద కూచుంది. ఒంట్లో ఎలా ఉందే, డాక్టరు ఏమన్నాడు, ఎవరు కనిపెట్టుకున్నారు అని ఎన్ని ప్రశ్నలో నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కొక్కటీ వెనక్కి మింగింది. అది ఆమెకు ఎంత కష్టమో ఆమెకే తెలియాలి.

"తప్పు చేశానే నర్సమ్మా. అది చెప్పిపోదామనే వచ్చాను," అంది.

అప్పలనర్సమ్మ టీ పెట్టి తెచ్చింది. ఇద్దరూ తాగారు. బయట షంటింగు ఇంజను ఒకటి ముందుకూ వెనక్కూ తిరుగుతోంది. నాగేశ్వరమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని, ఇక లేద్దామనుకుంటూ ఉంది.

"పోయింది ఆడపిల్లమ్మా," అంది అప్పలనర్సమ్మ. "ఎవరికీ సెప్పలేదు. మా ఆయనకీ సెప్పలేదు."

నాగేశ్వరమ్మ గ్లాసు కింద పెట్టింది. చాప మీద జరిగి, ఏమీ అడగకుండా, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు.