ముందు ఎడమ చక్రంలో చప్పుడు

రేఖ నాతో మాట్లాడిన మొదటి మాటే తిట్టు.

"ఓ కారు సారూ! గా డబ్బాను జర దూరం పెట్టరాదు? మా పిల్లలు ఎక్కాలు ఇడిశిపెట్టి నీ బండి చప్పుడే చదువుతున్నరు!"

రేగుంట బడి గేటు ముందు కారు తిప్పుకుంటున్నాను. నా పని సెల్ టవర్ల రిపేరు. సిరొంచ నుంచి పాతగూడెం దాకా ఎక్కడ సిగ్నల్ పోయినా జనం నన్నే తిడతారు, కాబట్టి తిట్లు నాకు కొత్త కాదు. కానీ నా కారును డబ్బా అంటే మాత్రం ఒళ్లు మండింది.

"డబ్బా కాదు మేడం. కాయిలోవర్లు ఏపిచ్చిన. స్ప్రింగు, షాకబ్జర్ కలిపి ఒకటే సెట్టు. కారు ఎత్తు తగ్గించుకోవచ్చు. కరీంనగర్‌ల ఏపిచ్చిన," అన్నాను, కరీంనగర్ అనే మాటను కాస్త ఒత్తి పలుకుతూ.

"ఎత్తు తగ్గితే చప్పుడు పెరుగుతదా?"

వెనక పిల్లలు గొల్లున నవ్వారు. నేను రోషంగా స్టీరింగ్ తిప్పాను. కారు కిర్రుమంది. పిల్లలు మళ్లీ గొల్లుమన్నారు.

వారం తిరక్కుండానే వాన పట్టుకుంది. సిరొంచ బస్సు రాలేదు. గేటు దగ్గర టీచరమ్మ సగం తడిసి నిలబడి ఉంది. ఆకుపచ్చ చున్నీ మీద తెల్ల చుక్కలు. తలుపు తీసి, "డబ్బా ఎక్కుతరా?" అన్నాను.

నవ్వు ఆపుకుంటూ ఎక్కింది. అప్పుడు తెలిసింది, ఆమె మా వెనక వీధి భీమ్‌రావు గారి అమ్మాయని. ఆయన ముప్పై ఏళ్లు మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సు నడిపి రిటైరయ్యాడు.

"మా ఇంట్ల అన్నం తినేటప్పుడు గూడ గేర్ల ముచ్చటే," అంది. కాసేపు చెవి రిక్కించి, "ఆపు. బానెట్ తియ్యి," అంది.

వానలో దిగి, ఎడమవైపు షాకబ్జర్ పైకొన మీద అరచెయ్యి పెట్టింది. నన్ను లోపల కూర్చోబెట్టి స్టీరింగ్ తిప్పమంది. నేను తిప్పుతుంటే ఆమె కళ్లు మూసుకుని వింటోంది. ముక్కు చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. నిజం చెప్తున్నాను, ఆ చప్పుడు ఇంకో గంట దొరక్కపోతే బాగుండునని అనుకున్నాను.

"ఇగో, గిక్కడ్నే కొట్టుకుంటున్నది. చేతికి తెలుస్తున్నది."

మర్నాడు ముర్తుజా భాయ్ షెడ్డులో చూస్తే అదే నిజం. పైన నట్టు వదులైంది, స్ప్రింగు కింద బిగించే రింగు కూడా తిరిగిపోయింది. హుక్ పానాతో రెండూ బిగించాడు. కారు నోరు మూసుకుంది.

ఆ తర్వాత రోజూ బడి వదిలే వేళకే నాకు రేగుంట టవర్లో పని పడేది. పాపం ఆ టవరుకు ఏ రోగమూ లేదు. దారి పొడుగునా రేఖ నన్ను ఏదో ఒకటి అనాలి, నేను అనిపించుకోవాలి.

"కారుకు నిమ్మకాయ, మిరపకాయలన్న కట్టవా?"

"లుక్ ఖరాబైతది."

"దిష్టి తగిలితే లుక్కు ఉంటదా?"

"నా కారుకెవ్వలి దిష్టి తగుల్తది? మీరంత డబ్బా అనవడ్తిరి."

ఒక సాయంత్రం పాతగూడెం వైపు టవరు సిగ్నల్ పడిపోయిందంటే వెళ్లాను. జోరు వాన. దారిలో ఒక వంతెనకు కాస్త ఇవతల కారు జారి పక్క బురదలో దిగబడింది. టవరే పడిపోయిందంటే ఇక ఫోనెక్కడిది? ట్రాక్టర్ దొరికి, కారును లాగించి, ఇల్లు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. మా సందు మొదట్లో రేఖ నిలబడి ఉంది. బడికి పోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"టవర్లు పోతే మల్ల లేస్తయ్. నువ్వు పోతే?" అంది. గిర్రున తిరిగి వెళ్లిపోయింది. నేను ఏదో ఒకటి అనాల్సింది. బురద కాళ్లతో నిలబడి తల గోక్కున్నాను.

సరిగ్గా ఆ తర్వాతే కొత్త చప్పుడు మొదలైంది. ఈసారి కిర్రు కాదు, టక్. చిన్న గుంత పడితే టక్, బ్రేకు వేస్తే టక్, ముందు ఎడమ చక్రంలోనే. ముర్తుజా భాయ్ చక్రం ఊడదీసి నట్లన్నీ చూశాడు, రబ్బర్లు మార్చాడు, గ్రీజు పెట్టాడు.

"నా సామాను అంత మంచిగనే ఉన్నది భాయ్," అని నా మొహంలోకి అదోలా చూశాడు. "ఇంట్ల అమ్మ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. చప్పుడుకు, అమ్మకు ఏం సంబంధం?"

"ఊకెనే అడిగిన," అన్నాడు.

రేఖకు మాత్రం పండగే. "నువ్వు వీధి మలుపు తిరిగితేనే తెలుస్తున్నది. ఛాయ్ పొయ్యి మీద పెట్టుడు సులువుగున్నది," అంది. ఛాయ్ దొరుకుతుంటే చప్పుడుతో నాకేం నష్టమని నేనూ ఊరుకున్నాను.

ఇంతలో భీమ్‌రావు గారు ఇంటికి రమ్మన్నారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధుల్లో ఆయన్ని అందరూ బాబాయి వరసలో కాకా అంటారు. కాకా అన్నానంటే రేఖ నాకు చెల్లెలైపోతుంది. మామా అనే ధైర్యం లేదు. అందుకని నేనొక్కణ్నే సార్ అనేవాణ్ని.

ఆయన గుమ్మం పైన మేకు వైపు చూస్తూ చిరాకు పడుతున్నారు. "గుర్రపు నాడ యాడ వాయెనో! నేను నడిపినన్ని ఏండ్లు బస్సు ముంగట ఉన్నది, కోడిపిల్లకు గూడ దెబ్బ తగలలే. గోడలకు రంగులేసినోళ్లే ఎత్కవోయిన్రు." తర్వాత నా వైపు తిరిగారు. "విలాస్, ఆయితారం గడ్చిరోలి పోదాం. మా రేఖకు సంబంధం వచ్చింది. పిలగాడు సర్కారు ఆఫీసుల క్లర్కు. ఇల్లు చూసి మాట ఇచ్చి వద్దాం."

వంటింటి తలుపు వెనక ఆకుపచ్చ చున్నీ కనిపించింది. నా నోరు మాత్రం తనంతట తానే, "వస్త సార్," అనేసింది.

గేటు దగ్గర రేఖ అందుకుంది. "వస్తనన్నవా?"

"మీ బాపు అడిగిండు గదా..."

"బాపు బాయిల దుంకుమంటె దుంకుతవా?"

"రేఖా, అది కాదు..."

"పో! మంచిగ నడుపుకుంట పో! మాట ఇప్పిచ్చుకోని రా!"

చున్నీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కొంగు ఒక మూల పేలిక చింపినట్టు ఉండటం అప్పుడే చూశాను. కానీ ఆ క్షణాన చున్నీ గురించి ఆలోచించే తెలివి ఎవరికుంటుంది?

ఆదివారం బయల్దేరాం. నేను మాట్లాడటం లేదు. కారే మాట్లాడుతోంది. టక్. టక్. రేగుంట దాటామో లేదో భీమ్‌రావు గారు చెవులు మూసుకున్నారు.

"ఆపు! గీ చప్పుడుతోని గడ్చిరోలి దాక పోతే నా పండ్లు రాల్తయ్."

దిగి, కారు పక్కనే నడుస్తూ బస్సు డిపోలో కుర్రాళ్లకు చెప్పినట్టే చెప్పారు. "మెల్లగ పోనీ... బ్రేకు తొక్కు... ఇగ స్టీరింగ్ పూరా తిప్పి బంద్ జెయ్." కూర్చుని, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చారు. కాసేపు తడిమి ఏదో లాగారు.

గుర్రపు నాడ. షాకబ్జర్ అడుగున పేలికతో కట్టి ఉంది. కారు కిందికి దిగినప్పుడల్లా అదే ఇనుముకు తగిలి మోగుతోంది.

"ఇది నా బస్సు నాడ!" అన్నారు. "నీ బండి కిందికెట్ల వచ్చిందిరా? దొంగతనం జేసినవా?"

"దొంగోన్నైతే కారు కింద కట్టుకోని ఊరంత మోగిచ్చుకుంట తిరుగుతనా సార్?"

ముర్తుజా భాయ్‌కి ఫోన్ చేశాను. "చూసిన భాయ్," అన్నాడు తాపీగా. "మీ అమ్మ దిష్టికి కట్టిందనుకున్న. ఇంటోళ్ల నమ్మకం మీద నేను చెయ్యి పెడ్తనా? అందుకనే అమ్మను అడిగిన."

అప్పుడు ఇద్దరం ఒకేసారి ఆ పేలిక వైపు చూశాం. మట్టి పట్టినా రంగు దాగలేదు. ఆకుపచ్చ, తెల్ల చుక్కలు. భీమ్‌రావు గారు తన ఫోన్ తీసి రేఖకు కలిపారు. నాకూ వినబడాలని స్పీకర్లో పెట్టారు.

"బిడ్డా, నాడ దొరికింది."

"యాడ బాపు?"

"నువ్వు కట్టిన కాడ."

అటు నుంచి చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందేమోనని నాకు భయమేసింది. పోలేదు. నా టవరు ఆ రోజు నా పరువు నిలిపింది.

"వానల పాతగూడెం దిక్కు పోతడు బాపు. నిమ్మకాయ కట్టుమంటె నవ్వుతడు. నాకు మస్తు భయమైంది. కనవడకుంట కట్టిన."

"నాకొక్క మాట చెప్పద్దా?"

"ఆయనే చెప్తడని ఎదురు చూసిన. నోట్ల మాట లేదు ఆ మనిషికి! గడ్చిరోలికి గూడ కారేస్కోని రానే వచ్చిండు!"

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "సార్, నాకు రేఖంటే పాణం. గడ్చిరోలికి నేను నడప. మీరు పోవాలంటె బస్సెక్కిస్త."

"బస్సు నడిపినోన్నే బస్సెక్కిస్తవా?" భీమ్‌రావు గారి మీసం కింద నవ్వు కదిలింది. "ఇన్నావు బిడ్డా? నోరు లేశింది!"

నా మాట వినగానే సిగ్గుపడి పెట్టేసిందేమో, ఫోన్ అప్పటికే కట్టయింది.

ఆయన అక్కడే నిలబడి గడ్చిరోలి వాళ్లకు ఫోన్ చేసి, "మా పిల్ల మనసు వేరే కాడ ఉన్నది, ఏమనుకోకున్రి," అని నిదానంగా చెప్పారు. తర్వాత కారెక్కి, "తిప్పు," అన్నారు. "పక్కకే బ్రేకు పైపు ఉన్నది, నాడకు రాసుకుంటున్నది. ఇంక కొన్ని దినాలైతే పాణం కాపాడుమని కట్టింది పాణం మీదికే తెస్తుండె."

తిరుగు దారిలో కారు పిల్లిలా నడిచింది. రేఖ వాకిట్లో మాకు వీపు పెట్టి బట్టలు ఆరేస్తోంది. మేం గేటు దాకా వచ్చినా వినబడలేదు. తిరిగి చూసి ఉలిక్కిపడింది. మొహం కందిపోయింది.

భీమ్‌రావు గారు నాడ చూపించారు. "ఇది గుమ్మానికి కొట్టాలెనా, బండికి కట్టాలెనా?"

"బండికే బాపు," అంది తల వంచుకుని. "ఈసారి లోపట కట్టున్రి."

"డాష్‌బోర్డు పక్కకు కడ్త సార్," అన్నాను ఆత్రంగా.

ఆయన కళ్లెర్రజేశారు. "ఇంక సారేందిరా?"

గొంతులో ఇన్నాళ్లుగా ఇరుక్కున్న మాట ఒక్కసారిగా బయటపడింది. "మామా!"

ఎంత గట్టిగా అన్నానో, పక్కింటి వాళ్లు బయటికి వచ్చి చూశారు. రేఖ తడి బట్ట మొహానికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది.

"చప్పుడు పోలే బాపు. కారులకెళ్లి దిగి మనిషిల దూరింది."